కొత్త టూల్‌కిట్లు సరే, షెడ్డులో ఉన్న పాత మిషన్ సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్నామధ్య మీ జిల్లా పేజీలో వడ్రంగి పనివాళ్ళు కొత్త టూల్‌కిట్లు పట్టుకుని వరసగా నిలబడ్డ ఫోటో వేశారు. చూసి సంతోషమే అనిపించింది. పీఎం విశ్వకర్మ స్కీము 2023 సెప్టెంబర్ 17న మొదలైనప్పుడు 18 చేతివృత్తుల్లో వడ్రంగాన్ని కూడా పెట్టారు, టూల్‌కిట్‌కి 15 వేల వరకు ఈ-వోచర్, ట్రైనింగ్‌లో రోజుకి 500 స్టైపెండ్, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక ఇంకో 2 లక్షల దాకా లోను. కాదనేదేం లేదు. కానీ ఇళ్ళ వెనకాల రేకుల షెడ్లలో ఇప్పటికే ఉన్న పాత మిషన్ల గురించి ఎవరూ మాట్లాడరేంటి అని నా బాధ. కొత్తది కొనడానికి డబ్బులిస్తారు, ఉన్నదాన్ని బాగు చేసుకోడానికి ఇవ్వరు, బాగు చేసుకోవడం ఎలాగో నేర్పేవాళ్ళూ లేరు.

ఏ మిషన్ గురించి అంటున్నానో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మావైపు కొందరు ఆల్‌ఇన్‌వన్ అంటారు, కొందరు చిత్రిక మిషన్ అనేస్తారు. పోత ఇనుము బాడీ, పైన రెండు బల్లలు, ఆ రెంటి మధ్యలో బ్లేళ్ళు బిగించిన గుండ్రటి బ్లాకు, చెక్కని దాని మీదుగా తోస్తే చిత్రిక పడుతుంది. అదే షాఫ్టుకి ఒక చివర రంపం బిళ్ళ, ఇంకో చివర డ్రిల్ బిట్‌ని పట్టుకునే చక్, చక్ ముందు అటూ ఇటూ జరిగే చిన్న బల్ల, తలుపు చట్రాలకి బెజ్జాలు దాంతోనే వేస్తారు. కింద మోటారు ఒకటే, కోత, చిత్రిక, బెజ్జం, గాడి అన్నీ దాని మీదే నడుస్తాయి. మా ఇంట్లో ఉన్నది మా నాన్నగారు కొన్నది, పంజాబ్‌లోని బటాలాలో తయారైంది, పోత ఇనుము మిషన్లకి బాగా పేరున్న ఊరు అది. నాన్నగారు పని మానేశాక కూడా దాన్ని నేను నడుపుతూనే ఉన్నాను, ఉద్యోగం వేరే అయినా ఇంట్లో మంచాలూ కిటికీ రెక్కలూ చుట్టాల ఇళ్ళకి పీటలూ అన్నీ దాని మీదే.

ఇలాంటి మిషన్ ఎవరింట్లో ఆగిపోయినా వచ్చే సలహా ఒకటే, బాబాయ్ ఇది అయిపోయింది స్క్రాప్‌కి వేసేయ్ అని. కిలోల లెక్కన తూచి పట్టుకుపోతారు. నిజానికి అందులో అరిగేవి నాలుగో ఐదో వస్తువులు, బేరింగులు, బెల్టులు, బ్లేళ్ళు, మోటారుని తిరగడం మొదలెట్టించే కెపాసిటర్, మహా అయితే స్టార్టరు. మిగతాదంతా ఇనుము, దానికేం కాదు. బాడీకి పగులు వస్తే మాత్రం కష్టమే, పోత ఇనుముని మామూలు రాడ్‌తో వెల్డింగ్ కొడితే పక్కనే ఇంకో పగులు వస్తుంది, నికెల్ రాడ్డు వాడాలి, ముందు వేడి చెయ్యాలి, తర్వాత నిదానంగా చల్లారనివ్వాలి, అది తెలిసినవాడి చేతే చేయించాలి. అలాంటి పగులు లేనంతవరకు ఆ మిషన్ని తూకానికి వెయ్యడం పిచ్చితనం అని నా అభిప్రాయం.

బేరింగుల సంగతి చూడండి. మిషన్ గర్రుమని మోత పెడుతుంటే, ఆపాక బేరింగ్ ఇల్లు మీద చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, బెల్టు తీసేసి బ్లాకుని పైకీ కిందకీ కదిపితే వదులుగా ఆడుతుంటే బేరింగ్ పోయిందన్నట్టే. చాలామంది మిషన్‌ మీద కంపెనీ పేరు చెరిగిపోయింది పార్టు దొరకదు అని వదిలేస్తారు, కానీ బేరింగ్‌కి మిషన్ కంపెనీతో పనే లేదు, దాని అంచు మీద నంబర్ చెక్కి ఉంటుంది, ఆ నంబర్ చెప్తే ఏ ఊరి బేరింగ్ షాపులోనైనా ఇస్తారు. 6205 అని ఉందనుకోండి, చివరి రెండంకెలు 05ని 5తో గుణిస్తే 25, అంటే లోపల షాఫ్టు 25 మిల్లీమీటర్లు, 6206 అయితే 30. మా నాన్నగారికి ఇంగ్లీషు చదవడం రాదు గానీ ఈ లెక్క మాత్రం నోటికి వచ్చు. కొనేటప్పుడు 2ఆర్ఎస్ అని ఉన్నది అడగాలి, రెండు పక్కలా రబ్బరు సీలు ఉంటుంది కాబట్టి పొట్టు లోపలికి పోదు, చెక్క మిషన్‌కి అదే కావాలి. బిగించేటప్పుడు బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపల గోళీల మీద పడి కొత్త బేరింగ్ కూడా మొదటిరోజే పాడైపోతుంది, షాఫ్టుకి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి సరిపోయే పైపు ముక్క పెట్టి దానిమీద కొట్టాలి. షాఫ్టుని కాసేపు ఫ్రిజ్ డీప్‌లో పెట్టగలిగితే ఇంకా సుఖం, కొంచెం కుంచించుకుంటుంది, కాకపోతే ఇంట్లో ఆడవాళ్ళ పర్మిషన్ కావాలి.

బెల్టుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బెల్టు మీదే ఎ-46 అనో బి-50 అనో ఉంటుంది, ఎ అంటే 13 మిల్లీమీటర్ల వెడల్పు బి అంటే 17, పక్కన అంకె ఇంచుల్లో పొడుగు. రెండు బెల్టులున్న పుల్లీకి ఒకటే తెగినా రెండూ మార్చాలి, లేకపోతే కొత్తదే బరువంతా మోస్తుంది పాతది ఊరికే తిరుగుతుంది. మరీ బిగించేయకూడదు, బిగువెక్కువైతే బేరింగులు పోతాయి.

మోటారు దగ్గర మాత్రం ప్రాణం మీదకొచ్చే విషయం ఒకటుంది. మా వీధి చివర ఉండే మావయ్య వరస ఆయన మోటారు కాలిపోతే లోపలి తీగ మళ్ళీ చుట్టించడానికి, అదే రీవైండింగ్‌కి ఇచ్చారు, ఆ షాపువాడు ఇది చుట్టడం దండగ నా దగ్గర ఇంకో మంచి మోటారుంది పట్టుకెళ్ళండి అని పాతది ఉంచుకుని వేరేది ఇచ్చాడు, హెచ్‌పి అంతే 2, సైజు కూడా ఇంచుమించు అంతే, బిగించి స్విచ్ వేస్తే మిషన్ ఈల వేసినట్టు అరవడం మొదలుపెట్టింది. ఆయన సంబరపడిపోయి నన్ను పిలిచారు చూడరా ఎంత స్పీడుగా తిరుగుతోందో అని. వెంటనే ఆపించి మోటారు మీద ప్లేటు చూస్తే 2880 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 2880 తిప్పులు. పాతది 1440. ఆయన మిషన్‌కి మోటారు పుల్లీ 6 ఇంచులు, బ్లాకు పుల్లీ రెండున్నర, అంటే 1440ని 6తో గుణించి రెండున్నరతో భాగిస్తే బ్లాకు 3456 తిరగాలి, ఈ కొత్త మోటారుతో అదే పుల్లీల మీద 6912 తిరుగుతోంది. వేగం రెండింతలైతే బ్లేడుని బయటికి విసిరే బలం నాలుగింతలవుతుంది. ఆ బ్లేడు పట్టి ఉంచేది చిన్న చిన్న బోల్టులు. ఊడితే ఎదురుగా ఉన్నది మనిషే. రంపం బిళ్ళ మీద కూడా ఇంతకంటే ఎక్కువ తిప్పొద్దు అని ఆర్‌పీఎం ముద్ర వేసి ఉంటుంది, ఎవరు చదువుతారు. మోటారు మారిస్తే ప్లేటు చూడాలి, వేగం తేడా ఉంటే పుల్లీ మార్చాలి, ఈ ఒక్క ముక్క రీవైండింగ్ షాపులన్నిటిలో గోడ మీద రాసి పెట్టించినా చాలు.

సింగిల్ ఫేజ్ మోటారు స్విచ్ వేస్తే ఊఁ అని మూలుగుతూ తిరగకపోతే చాలామంది బెల్టుని చేత్తో లాగి స్టార్ట్ చేస్తారు, అలవాటైపోయింది అందరికీ, వేళ్ళు పోయేది అక్కడే. అలా మూలుగుతోందంటే ఎక్కువసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది లేదా లోపల మోటారు వేగం అందుకోగానే విడిపోయే సెంట్రిఫ్యూగల్ స్విచ్‌లో పొట్టు ఇరుక్కుని ఉంటుంది, రెండూ చిన్న రిపేర్లే. కాకపోతే కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, బల్బు తగిలించి దాన్ని ఖాళీ చేసి అప్పుడు ముట్టుకోవాలి. ఇంకోటి, ఇంటి లోపలి ప్లగ్ నుంచి సన్నటి వైరు పెరడు దాకా లాగి దాని మీద 2 హెచ్‌పి నడిపిస్తుంటారు, వోల్టేజ్ పడిపోయి మోటారు వేడెక్కి కాలిపోతుంది, తర్వాత మోటారు మంచిది కాదంటారు.

బ్లేళ్ళ సెట్టింగ్ గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే మిషన్ పాతబడింది చిత్రిక సరిగ్గా రావట్లేదు అనే కంప్లైంట్‌లో ముప్పాతిక వంతు ఇదే. పైన రెండు బల్లలన్నాను కదా, చెక్క చిత్రిక పడి బయటికి వెళ్ళేవైపు బల్ల, అదే రెండో బల్ల, బ్లేడు పైఅంచుతో సరిసమానంగా ఉండాలి, మొదటి బల్ల మనకి ఎంత చిత్రిక కావాలో అంత కిందకి ఉండాలి. రెండో బల్ల కిందకి ఉంటే చెక్క చివర గుంట పడుతుంది, పైకి ఉంటే చెక్క వెళ్ళి దాన్ని గుద్దుకుంటుంది. ప్లగ్ పీకేసి ఒక తిన్నటి చెక్క స్కేలు రెండో బల్ల మీద పెట్టి దాని కొస బ్లాకు మీదకి వచ్చేలా ఉంచి, బల్ల అంచు దగ్గర స్కేలు మీద పెన్సిల్ గీత పెట్టి, బ్లాకుని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. బ్లేడు కింద నుంచి వచ్చి స్కేలుని కొంచెం ఎత్తి తనతో పాటు ఓ 2, 3 మిల్లీమీటర్లు ముందుకి జరిపి వదిలేస్తుంది. అక్కడ ఇంకో గీత పెట్టండి. ఇప్పుడు అదే స్కేలుని బ్లేడు ఇంకో చివర పెట్టి చూడండి, తర్వాత రెండో బ్లేడుకి, మూడోది ఉంటే దానికీ. ప్రతిచోటా స్కేలు గీత నుంచి గీత దాకానే జరగాలి. ఎక్కువ జరిపితే బ్లేడు పైకుంది, అసలు కదలకపోతే కిందకుంది. బోల్టులు ఒకేసారి లాగి బిగించకుండా మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి విడతలుగా బిగించాలి, అంతా అయ్యాక మళ్ళీ స్కేలు పెట్టి చూడాలి ఎందుకంటే బిగించేటప్పుడు బ్లేడు కదులుతుంది. దీనికి మీటర్లూ గేజ్‌లూ ఏమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. సాన పట్టించేటప్పుడు బ్లేళ్ళన్నీ కలిపి ఒకే చోట ఇవ్వాలి, ఒకటి ఎక్కువ అరిగి ఒకటి తక్కువ అరిగితే బరువు తేడా వచ్చి బ్లాకు వణుకుతుంది, ఆ వణుకుడుకి మళ్ళీ బేరింగులే బలి.

తుప్పు మన గోదావరి జిల్లాల్లో ఎలాగూ తప్పదు, వానాకాలం నాలుగు రోజులు మిషన్ ముట్టుకోకపోతే బల్లంతా కాషాయం రంగుకి వచ్చేస్తుంది. డీజిల్‌లో ముంచిన స్టీల్ పీచుతో రుద్ది శుభ్రంగా తుడిచి, మైనం రాసి, పాత నూలు గుడ్డతో మెరిసేదాకా రుద్దితే చాలు. బల్ల మీద గ్రీజూ ఇంజనాయిలూ పూయొద్దు, పొట్టు అంటుకుని ముద్దవుతుంది, పైగా ఆ మరక టేకు చెక్కకి పట్టిందంటే పాలిష్ ఎక్కదు.

ఇంక అసలు సంగతి గార్డుల గురించి, అంటే తిరిగేవాటి మీద ఉండాల్సిన మూతలు. ఈ పాత మిషన్లలో బ్లాకూ రంపమూ చక్కూ ఒకే షాఫ్టు మీద ఉంటాయని చెప్పాను కదా, అంటే మనం ఇటుపక్క తలవంచుకుని చిత్రిక పడుతుంటే అటుపక్క రంపం కూడా అంతే స్పీడులో తిరుగుతూనే ఉంటుంది, దాని మీద మూత ఉండదు, చెక్క పట్టుకోడానికి సాయం వచ్చిన కుర్రాడో టీ ఇవ్వడానికి వచ్చిన ఇంట్లోవాళ్ళో సరిగ్గా అటుపక్కే నిలబడతారు. కంపెనీ ఇచ్చిన గార్డు ఎప్పుడో అడ్డంగా ఉందని ఊడదీసి అటక మీద పడేసి ఉంటారు. గార్డు పోయినా పర్వాలేదు, పట్టీ ఇనుముతో రేకుతో లోకల్‌గా చేయించుకోవచ్చు, అవసరం లేనప్పుడు బిళ్ళ మొత్తం విప్పేసి పక్కన పెట్టుకోవచ్చు. బిళ్ళ వెనకాల నిలబడే సన్నటి రేకు ఒకటుంటుంది, రివింగ్ నైఫ్ అంటారు, కోసిన చెక్క రెండు ముక్కలూ మళ్ళీ దగ్గరకొచ్చి బిళ్ళని పట్టేయకుండా అది ఆపుతుంది. అది లేకపోతే మెలి ఉన్న చెక్క బిళ్ళని నొక్కేసి ఒక్కసారిగా మన పొట్ట మీదకి ఎగిరొస్తుంది. అందుకే రంపానికి ఎదురుగా కాకుండా ఓ పక్కకి నిలబడాలి, చివరి జానెడు చెయ్యితో కాకుండా కర్రముక్కతో తొయ్యాలి. భుజం మీద తువ్వాలు, వదులు చొక్కా, చేతికి కట్టిన దారాలు ఇవన్నీ తీసేశాకే స్విచ్ దగ్గరకి వెళ్ళాలి, గ్లౌజులు కూడా వద్దు, తిరిగేదాని దగ్గర గ్లౌజు చేతిని లోపలికి లాక్కుపోతుంది.

స్టార్టర్ గురించి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. చాలా షెడ్లలో మిషన్‌కి ఉత్త మెయిన్ స్విచ్చే ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోతుంది, ఇది మన దగ్గర కొత్తేం కాదు, స్విచ్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయి బ్లాకులో ఇరుక్కున్న పేళ్ళు తీద్దామని చెయ్యి పెడతారు, సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చేస్తుంది. డీఓఎల్ స్టార్టర్ ఉంటే కరెంటు పోగానే దానంతటదే ఆఫ్ అయిపోతుంది, మళ్ళీ పచ్చ బటన్ నొక్కితే గానీ మిషన్ తిరగదు, ఓవర్‌లోడ్ అయితే కూడా ఆగుతుంది. ఇదంతా ఒక డబ్బాలో వచ్చే వస్తువు. దీంతో పాటు సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే లైను తెంపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంతే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 21వ సెక్షన్ తిరిగే మిషన్లకి కంచె ఉండాలని చెప్పింది, కానీ అలాంటి చట్టాలన్నీ పది మందో ఇరవై మందో పని చేసే చోటికే వర్తిస్తాయి, ఇంటి షెడ్డులో తండ్రీ కొడుకూ పని చేసుకుంటుంటే ఏ ఇన్‌స్పెక్టరూ రాడు, వచ్చి ఫైన్ వెయ్యాలని కూడా నేను అనట్లేదు, చెప్పేవాడు ఒకడు రావాలి అంటున్నాను. పొట్టు ధూళి సంగతీ అంతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పని చేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి లిస్టులో మొదటి గ్రూపులో పెట్టింది, మన షెడ్లలో ముక్కుకి జేబురుమాలు కట్టుకుంటే అదే గొప్ప.

పాతవి స్క్రాప్‌కి వేశాక జనం ఏం వాడుతున్నారో కూడా చూడండి. మార్బుల్ కట్టర్ కొని దాన్ని ప్లైవుడ్ పలకకి కింద తలకిందులుగా బిగించి, చెక్క కోసే బిళ్ళ వేసి దాన్నే టేబుల్ రంపం అంటున్నారు. అది నిమిషానికి పది వేలకి పైన తిరిగేది, టైల్స్ కొయ్యడానికి చేసింది, దానికి గార్డూ లేదు రివింగ్ నైఫూ లేదు, స్విచ్‌ని టేపుతో ఆన్‌లో అతికించేస్తారు. ఆ పాత ఇనప మిషన్ని బాగు చేసుకుని మూత పెట్టుకోవడం దీనికంటే వెయ్యి రెట్లు నయం, ఖర్చు కూడా అంతకంటే పెద్ద ఎక్కువ కాదు.

అందుకే అడుగుతున్నాను, ఆ 15 వేల వోచర్‌లో కొత్త డ్రిల్లూ కొత్త గ్రైండరూ వద్దు నాకు బేరింగులూ బెల్టులూ స్టార్టరూ గార్డూ కావాలి అని అడిగే వీలు వడ్రంగికి ఇవ్వమనండి. ట్రైనింగ్ ఇచ్చే ఆ వారం రోజుల్లో ఒక పూట బ్లేడు సెట్టింగ్, ఒక పూట మోటారూ కరెంటూ పెట్టమనండి. మన ఐటీఐల్లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ నేర్చుకునే పిల్లలున్నారు, వాళ్ళని నెలకోసారి చుట్టుపక్కల షెడ్లకి తీసుకెళ్ళి రెండు మిషన్లు బాగు చేయిస్తే పిల్లలకి పని వస్తుంది వీళ్ళకి మిషన్ నడుస్తుంది, దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, చేయించాలన్న బుద్ధి పుట్టాలి అంతే. కలెక్టర్ ఆఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ కూడా పెట్టాను, పరిశీలిస్తాం అన్నారు.

మీకు కూడా ఒక మనవి ఎడిటర్ గారూ. దసరాకి ఆయుధపూజ నాడు మిషన్లన్నీ ఆపి కడిగి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కడతాం, ఏడాదిలో షెడ్డు పూర్తిగా ఖాళీగా ఉండేది ఆ ఒక్కరోజే. దానికి ఓ వారం ముందు ఈ గార్డూ స్టార్టరూ బేరింగుల సంగతి బొమ్మలతో సహా ఒక అరపేజీ వెయ్యండి, బొమ్మలు గీయడానికి మిషన్ కావాలంటే మీ ఆర్టిస్టుని మా షెడ్డుకి పంపండి, విప్పి చూపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా